ఒకే చుక్కలు, ఊరికో కథ: పిల్లలకు ఆకాశం చూపించే పద్ధతి

పిల్లల్ని డాబా మీదికి తీసుకెళ్లి, ఫోను పైకెత్తి, అరగంటలో ఇరవై నక్షత్ర మండలాల పేర్లు చదివేస్తే తెల్లారేసరికి ఒక్కటీ గుర్తుండదు. ఒక రాత్రికి ఆకాశంలో ఒక మూల చాలు. ఆ మూలలో నాలుగైదు చుక్కల్ని ఎవరి సాయమూ లేకుండా వేలుపెట్టి చూపించగలిగాకే కథ మొదలుపెట్టాలి. అప్పుడు అవే చుక్కల మీద రెండు మూడు జాతుల కథలు వరసగా చెప్పవచ్చు. ఎదురుగా చుక్కలు లేకుండా చెబితే అవి మామూలు కథల్లో కలిసిపోతాయి.

చూపించే పద్ధతి మనవాళ్లు ఎప్పుడో చెప్పారు. స్థూలారుంధతీ న్యాయం అంటారు. సన్నటి అరుంధతిని చూపించాలంటే ముందు పక్కనున్న పెద్ద చుక్కను చూపించి, చూపు అక్కడ నిలిచాక ‘అది కాదు, దాన్ని ఆనుకుని ఉన్న చిన్నది’ అనాలి. వేదాంతులు దీన్ని పెద్ద పెద్ద విషయాలకు వాడుకున్నారు గానీ, ఎనిమిదేళ్ల పిల్లకు కృత్తికల్ని చూపించడానికి కూడా ఇదే దారి.

బయటికి వెళ్లేముందు

రోజు ఎంచుకోవడానికి గోడమీది తెలుగు క్యాలెండరు సరిపోతుంది. బహుళ షష్ఠి దాటాక చంద్రుడు రాత్రి పదిన్నర తర్వాతగానీ రాడు. శుద్ధ చవితి వరకూ తొందరగా అస్తమిస్తాడు. ఈ మధ్య రోజుల్లో సాయంత్రం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా ఆకాశం మీదే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బుల వల్ల మన దగ్గర నమ్మకం తక్కువ. నవంబరు నుంచి మే వరకు బాగుంటుంది. శీతాకాలంలో మంచు దిగకముందే, అంటే తొమ్మిదిలోపే ముగించండి.

కళ్లు చీకటికి అలవాటు పడటానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది. ఈలోగా ఎవరైనా ఒక్కసారి ఫోను వెలిగించినా లెక్క మళ్లీ మొదటికొస్తుంది. టార్చి మొహానికి ఎర్ర గాలిపటం కాగితం రెండు మూడు పొరలు చుట్టి రబ్బరు బ్యాండు వేయండి. ఎరుపు వెలుతురు చీకటి చూపును అంతగా చెడగొట్టదు. అయినా టార్చిని నేల వైపే పట్టుకోవాలి. పిట్టగోడ లేని డాబా మీద పిల్లల్ని నిలబడనివ్వకండి. తలెత్తి వెనక్కి నడిచేస్తారు. చాప వేసి పడుకోబెడితే మెడ నొప్పీ ఉండదు, పడే భయమూ ఉండదు.

ఆకాశ పటాన్ని చూపించే స్టెల్లేరియం లాంటి యాప్‌ను ఇంట్లోనే చూసుకుని, ఆ రాత్రి చూడాల్సిన మూలను కాగితం మీద గీసుకుని పైకి వెళ్లండి. ఇనుప చువ్వలు, మోటార్ల దగ్గర ఫోనులోని దిక్సూచి తప్పు చూపిస్తుంది. ‘యాప్‌లో ఇక్కడ ఉందంటోంది, పైన లేదే’ అనే గొడవ చాలావరకు అక్కడినుంచే. మ్యాపులో లేని కాంతివంతమైన చుక్క కనిపిస్తే అది గ్రహం. గురుడు, శుక్రుడు, శని, కుజుడు చోటు మారుతూ ఉంటారు కాబట్టి అచ్చువేసిన పటాల్లో ఉండరు. వేగుచుక్క అని పల్లెల్లో అనేది కూడా శుక్రుణ్నే.

ఆకుపచ్చ లేజరు వద్దు. పిల్లల కళ్లకు ప్రమాదం, విమానాల పైలట్లకు ఇంకా ప్రమాదం. బదులుగా పిల్లవాడి వెనక కూర్చుని, మీ చెయ్యి వాడి చెంప పక్కనుంచి ముందుకు చాపితే మీ వేలూ వాడి చూపూ ఒకే గీతలోకి వస్తాయి. పక్కన నిలబడి చూపిస్తే ఎప్పుడూ వేరే చుక్కే చూస్తారు.

కొలత కోసం చెయ్యి వాడండి. చెయ్యి చాచి పట్టుకున్న పిడికిలి వెడల్పు దాదాపు 10 డిగ్రీలు, మధ్య మూడు వేళ్లు కలిపి 5, చిటికెన వేలు 1. పిల్లల పిడికిలి చిన్నదే, చెయ్యీ పొట్టిదే, అందుకని లెక్క వాళ్లకూ సరిపోతుంది.

సంక్రాంతి సెలవులు: మూడు చుక్కల మూల

మొదలుపెట్టడానికి ఏడాది మొత్తంలో ఇంతకంటే మంచి సమయం లేదు. జనవరి మధ్యలో రాత్రి ఎనిమిదికి తూర్పుకు తిరిగి సగం పైకి చూస్తే వరసగా, సమాన దూరంలో మూడు చుక్కలు. వీటికి పేరు చెప్పకండి. పిల్లలకు కాగితం ఇచ్చి, చుట్టుపక్కల కనిపించే పెద్ద చుక్కల్ని ముందు చుక్కలుగానే పెట్టమనండి. గీతలు కలపడం తర్వాత. వాళ్లకు గాలిపటమో ఆటోనో కనిపించనివ్వండి. సొంత బొమ్మ గీసిన పిల్లవాడికి ‘గ్రీసువాళ్లకు ఇక్కడ వేటగాడు కనిపించాడు’ అంటే అది సమాధానం కాదు, ఇంకొకడి బొమ్మ అని వెంటనే అర్థమవుతుంది. ఈ ఒక్క మెట్టు వదిలేస్తే ఆ తర్వాత ఎన్ని దేశాల కథలు చెప్పినా ‘అసలైనది ఏది?’ అని అడుగుతూనే ఉంటారు.

తర్వాత ఆ మూడు చుక్కల గీతను రెండువైపులా పొడిగించండి. కిందికి, ఆగ్నేయం వైపు పోతే నక్షత్రాల్లోకెల్లా ప్రకాశమైన సిరియస్. పైకి పోతే ఎర్రటి రోహిణి, దాన్ని దాటితే దాదాపు నడినెత్తిన గుప్పెడు చుక్కల కృత్తికలు. పెద్దవాటి నుంచి చిన్నవాటికి పోవడమంటే ఇదే. కృత్తికల్ని నేరుగా గుచ్చి చూస్తే మసక మచ్చలా ఉంటాయి. కాస్త పక్కకు చూస్తే విడివడతాయి, ఎందుకంటే కంటి అంచున ఉండే కణాలు మసక వెలుగును బాగా పట్టుకుంటాయి. మామూలు కంటికి ఆరు కనిపిస్తాయి. ఎన్ని కనిపించాయో ప్రతి పిల్లవాడూ ఎదుటివాడికి చెప్పకుండా రాయాలి.

ఇప్పుడు కథలు. మన వేద వాఙ్మయంలో ఆ మూడు చుక్కలు లేడికి గుచ్చుకున్న బాణం, సిరియస్ దాన్ని వేసిన మృగవ్యాధుడు. ఐతరేయ బ్రాహ్మణంలోని అసలు కథ చిన్నపిల్లలకు చెప్పేది కాదు. లేడి, బాణం, వేటగాడు వరకే ఆపండి, మిగతాది పెద్దయ్యాక వాళ్లే చదువుకుంటారు. గ్రీసులో ఆ మూడూ వేటగాడు ఒరాయన్ నడికట్టు. స్పానిష్ మాట్లాడే దేశాల్లో ముగ్గురు మరియలు. ఉత్తర ఆస్ట్రేలియాలోని యోల్ఙు జాతివాళ్లకు పడవలో కూర్చున్న ముగ్గురు అన్నదమ్ములు. చేపలవేటకు వెళ్లి, తమ కులాచారం తినవద్దన్న చేపను ఒకడు తినేశాడు. సూర్యుడు వాళ్లకు స్త్రీ. ఆవిడకు కోపం వచ్చి పడవతో సహా ముగ్గుర్నీ ఆకాశంలోకి ఎగరేసింది. వేటాడేవాళ్లకు వేట, సముద్రం మీద బతికేవాళ్లకు పడవ. ఈ మాట మీరు చెప్పకండి, పిల్లలే అంటారు. అనకపోతే ‘వీళ్లు ఏం పని చేసుకుని బతికేవాళ్లు?’ అని అడగండి.

కృత్తికల దగ్గర ఇంకా సరుకుంది. మన దగ్గర కుమారస్వామికి పాలిచ్చిన ఆరుగురు తల్లులు, అందుకే ఆయన కార్తికేయుడు. పల్లెల్లో ఇదే పిల్లలకోడి. జపానులో సుబారు, ఆ పేరున్న కార్ల బొమ్మలో ఉన్నవీ ఆరు చుక్కలే. గ్రీకులు ఏడుగురు అక్కచెల్లెళ్లు అని, ఒకరు కనిపించకుండా పోయారని ఇంకో కథ అల్లారు. పిల్లలు రాసిన అంకెలు ఇప్పుడు బయటికి తీయండి. ఆరా, ఏడా అన్నది వాళ్ల కళ్ల ముందే తేలుతుంది.

ఇక్కడితో ఆపకండి. ఈ చుక్కలు కథలకే కాదు, పనికీ వచ్చాయి. న్యూజీలాండు మావోరీలు వీటిని మతారికి అంటారు. జూన్, జూలైల్లో తెల్లవారుజామున ఇవి మళ్లీ కనిపించినప్పుడు వాళ్లకు కొత్త సంవత్సరం. 2022 నుంచి ఆ దేశంలో అది ప్రభుత్వ సెలవు కూడా. పెరూ, బొలీవియా కొండల్లో బంగాళాదుంప రైతులు జూన్ చివర్లో తెల్లవారకముందే వీటిని చూసి, మసకగా ఉంటే వానలు ఆలస్యమని నాట్లు వెనక్కి జరుపుతారు. పసిఫిక్ సముద్రం మామూలుకంటే వేడెక్కే ఎల్‌నినో ఏడాదుల్లో చాలా ఎత్తున పలచటి మబ్బుతెర ఏర్పడి ఈ చుక్కల్ని మసకబారుస్తుందని 2000లో శాస్త్రవేత్తలు చూపించారు.

ఇది మన రైతుల కార్తెలకు చాలా దగ్గర. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులే ఒక కార్తె. రోళ్లు పగిలే రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో, చేపలు వండుకునే మృగశిర కార్తె జూన్ 8 ప్రాంతంలో వస్తాయి. పిల్లల్ని ఒక ప్రశ్న వేయండి: రోహిణి కార్తెలో రోహిణి చుక్కను చూడగలమా? చూడలేం. సూర్యుడు అక్కడే ఉన్నాడు కాబట్టి అది పగలే పైన ఉంటుంది. కృత్తికలు మే నెలలో మాయమై జూన్‌లో వేకువన మళ్లీ రావడానికి కారణమూ అదే. మావోరీల పండగ, మన కార్తె రెండూ ఈ ఒక్క సంగతి మీదే నడుస్తున్నాయి.

ఓపిక ఉంటే ఫిబ్రవరి మధ్యలో రాత్రి తొమ్మిదికి నేరుగా దక్షిణాన, రెండు పిడికిళ్ల ఎత్తున అగస్త్యుణ్ని చూపించండి. సిరియస్ తర్వాత నక్షత్రాల్లో అంత ప్రకాశమైనది ఇదే. వింధ్యను వంచి దక్షిణాదికి వచ్చి తిరిగి వెళ్లని ముని దక్షిణ దిక్కునే ఉండటం పిల్లలకు బాగా పడుతుంది.

వేసవి: డాబా మీద పడకలు

మే మొదట్లో రాత్రి ఎనిమిదిన్నరకు ఉత్తరాన పైకి సప్తర్షి మండలం. నలుగురు గిన్నె, ముగ్గురు పిడి. గిన్నె బయటి అంచు నుంచి పిడి చివరికి క్రతువు, పులహుడు, పులస్త్యుడు, అత్రి, అంగిరసుడు, వసిష్ఠుడు, మరీచి. వసిష్ఠుణ్ని ఆనుకుని సన్నగా అరుంధతి. అరబ్బులు ఈ సన్న చుక్కనే కంటిచూపు పరీక్షకు వాడేవారు. మన పెళ్లిళ్లలో మిట్టమధ్యాహ్నం కూడా చూపించేస్తారు కాబట్టి చాలామంది పెద్దవాళ్లు కూడా దాన్ని నిజంగా చూసేది ఇలాంటి రాత్రే.

గ్రీకులకు ఇది ఎలుగుబంటి, అరబ్బులకు పాడె, దాని వెనక నడిచే కూతుళ్లు, బ్రిటన్‌లో నాగలి. పులహుడి నుంచి క్రతువుకు గీత గీసి, ఆ దూరానికి అయిదింతలు ముందుకు పోతే ధ్రువుడు. ఇక్కడ పిల్లలు తప్పకుండా నిరాశపడతారు, ఎందుకంటే ధ్రువుడు అన్నిటికంటే వెలిగే చుక్క అనుకుని ఉంటారు. సప్తర్షుల్లో పెద్దవాటికంటే ఎక్కువేమీ కాదు. వాడి గొప్ప కదలకపోవడం. నమ్మించడానికి ఒక పని చేయండి: కుర్చీ కదపకుండా, విద్యుత్ స్తంభం కొసకు ధ్రువుణ్ని, చెట్టుకొమ్మకు ఒక సప్తర్షిని ఆనించి గుర్తుపెట్టుకుని, గంట తర్వాత అదే కుర్చీలోంచి చూడమనండి. తండ్రి ఒడిలోంచి సవతి తల్లి దింపేస్తే తపస్సు చేసి కదలని చోటు సంపాదించుకున్న పిల్లవాడి కథ అప్పుడు చెప్పండి.

మే మధ్యలో తొమ్మిది దాటాక దక్షిణం వైపు తిరిగితే, క్షితిజానికి పిడికిలి, పిడికిలిన్నర ఎత్తున శిలువ ఆకారంలో త్రిశంకు. దాని ఎడమవైపు రెండు పెద్ద చుక్కలు వేలుపెట్టి చూపించినట్టు ఉంటాయి. దుమ్ము, పట్నం వెలుతురు ఉంటే కనిపించదు. దక్షిణాన పొలాలో సముద్రమో ఉండాలి. అటు స్వర్గమూ ఇటు భూమీ కాకుండా వేలాడే రాజు కథ ఒకపక్క, ఆస్ట్రేలియా, న్యూజీలాండు జెండాలు ఇంకోపక్క పెట్టి, జెండాల్లో ఈ చుక్కలు ఎన్ని గీశారో లెక్కపెట్టమనండి. న్యూజీలాండు జెండాలో నాలుగు, ఆస్ట్రేలియా జెండాలో అయిదు.

దసరా సెలవుల్లో మబ్బు వదిలితే రాత్రి ఏడున్నరకు నడినెత్తిన శ్రవణం, దానికి వాయవ్యంగా మూడున్నర పిడికిళ్ల దూరంలో అభిజిత్తు. చీకటి ఊళ్లో అయితే రెండింటి మధ్యా పాలపుంత. చైనాలో శ్రవణం పశువుల కాపరి, అభిజిత్తు నేతగత్తె. ఆకాశనదికి చెరో ఒడ్డున ఉండి, ఏడో నెల ఏడో తేదీన పక్షులు కట్టిన వంతెన మీద మాత్రమే కలుసుకుంటారు. శ్రవణానికి అటూ ఇటూ ఉన్న చిన్న చుక్కలు కావడిలో తండ్రి మోసుకుపోతున్న ఇద్దరు పిల్లలు. జపానులో ఆ రోజు తనబత పండగ, కోరికలు కాగితాల మీద రాసి వెదురుకొమ్మలకు కడతారు. తాతయ్యనో అమ్మమ్మనో గొల్లకావడి అని ఏ మూడు చుక్కల్ని అంటారో ఆ రాత్రే అడిగించండి. జవాబు రాసి తేదీ వేయించండి.

పంచాంగంతో చంద్రుణ్ని వెంబడించడం

నెల మొత్తం సాగే పని ఇది, పదేళ్లు దాటినవాళ్లకు. చంద్రుడు రోజుకు సుమారు 13 డిగ్రీలు తూర్పుకు జరుగుతాడు. పంచాంగంలో రోజుకో నక్షత్రం మారేది అందుకే. ఇరవై ఏడుగురు భార్యల్లో రోహిణి దగ్గరే ఉండిపోతున్నాడని దక్షుడు శపించిన కథ చెప్పి, ఆ రాత్రి నక్షత్రం పేరు క్యాలెండరులో చూసి చంద్రుడి పక్కన వెతకమనండి.

అన్ని నక్షత్రాలకూ ఇది కుదరదు, అది ముందే తెలిసి ఉండాలి. కృత్తిక, రోహిణి, మఖ, చిత్త, జ్యేష్ఠ చంద్రుడి దారికి దగ్గరగా ఉంటాయి. వీటితో మొదలుపెట్టండి. స్వాతి, శ్రవణం దారికి దాదాపు మూడు పిడికిళ్ల ఉత్తరంగా ఉన్నాయి. స్వాతి రోజున చంద్రుడి పక్కన స్వాతి ఉండదు. పైగా పంచాంగం ఆకాశాన్ని 13 డిగ్రీల 20 నిమిషాల సమాన భాగాలుగా కోసింది, చుక్కలు అలా సమానంగా పరుచుకుని లేవు. పున్నమికి చంద్రుడు ఏ నక్షత్రం దగ్గర ఉంటే నెలకు ఆ పేరు: చిత్తకు చైత్రం, కృత్తికకు కార్తికం. కానీ నిండు చంద్రుడి వెలుతురులో పక్క చుక్క కొట్టుకుపోతుంది. చంద్రుణ్ని నీళ్ల ట్యాంకు చాటుకు పెట్టి చూడాలి.

‘నా నక్షత్రం ఏది?’ అని తప్పకుండా అడుగుతారు. పుట్టినప్పుడు చంద్రుడు ఎక్కడ ఉన్నాడో చెప్పేదే జన్మనక్షత్రం అని చెప్పి, ఆకాశంలో అది చూపించండి. జాతకం సంగతి వేరే, ఆ చర్చ డాబా మీద పెట్టకండి.

ముడుల తాడు

అరబ్బు నావికులు ధ్రువుడి ఎత్తును కమాల్ అనే చిన్న పలక, తాడుతో కొలిచి రేవును గుర్తుపట్టేవారు. ధ్రువుడు మన ఊరి అక్షాంశం ఎంతో అంత ఎత్తునే ఉంటాడు కాబట్టి అది సాధ్యమైంది. ఇంట్లో చేసుకోవచ్చు. సరిగ్గా 10 సెంటీమీటర్ల ఎత్తున్న గట్టి అట్ట, మధ్యలో చిల్లు, సాగని పురికొస. అట్ట నుంచి 42 సెంటీమీటర్ల దగ్గర తిరుపతి ముడి, 34.5 దగ్గర విజయవాడ, 33 దగ్గర హైదరాబాదు, 29 దగ్గర ఆదిలాబాదు, 19.5 దగ్గర ఢిల్లీ. ముడిని కంటి కింద చెంపకు ఆనించి తాడు బిగువుగా లాగి, అట్ట కింది అంచు క్షితిజానికి పెడితే, ఆ ఊళ్లో పై అంచున ధ్రువుడు కూర్చుంటాడు.

తప్పేది మూడుచోట్ల. రబ్బరు దారం వాడితే కొలత సాగిపోతుంది. క్షితిజానికి భవనాలు అడ్డమైతే కింది అంచు తేలదు. సగం నీళ్లున్న సీసాను కంటి ఎత్తున పట్టుకుని, నీటిమట్టం ఎదుటి గోడ మీద ఎక్కడ పడుతుందో గుర్తు పెట్టుకుంటే అదే మట్టం. ఇక ధ్రువుడు సరిగ్గా ధ్రువం మీద లేడు, 0.6 డిగ్రీల పైచిలుకు పక్కకు ఉండి చిన్న వలయం తిరుగుతాడు. హైదరాబాదు ముడి దగ్గర దానివల్ల సెంటీమీటరు పైన తేడా రావచ్చు. తిరుపతి ప్రయాణంలో తాడు సంచిలో వేసుకెళితే తేడా అక్కడ కనిపిస్తుంది.

ఇతరుల కథలు చెప్పేటప్పుడు

‘ఆదివాసుల కథ’ అని ఊరుకోకండి. యోల్ఙు, మావోరీ అని పేరుతో చెప్పండి, గ్లోబు మీద చోటు చూపించండి. ఆస్ట్రేలియాలోనే 250కి పైగా భాషలుండేవి, ఒకరి కథ ఇంకొకరిది కాదు. అమెరికాలో నవాహోలు కొన్ని కథల్ని చలికాలంలో తప్ప చెప్పరు. ఆ నియమాన్ని కూడా కథతోపాటే చెప్పండి. మనవి పురాణాలు, వాళ్లవి నమ్మకాలు అనే తేడా మీ గొంతులో పలికితే పిల్లలు ఇట్టే పట్టేస్తారు.

విదేశాల్లో ఉన్న పిల్లలకు లెక్కలు మారతాయి. న్యూజెర్సీలో ధ్రువుడు నాలుగు పిడికిళ్ల ఎత్తున ఉంటాడు, అగస్త్యుడు అసలు పైకి రాడు. డాలస్‌లో ఫిబ్రవరి రాత్రుల్లో దక్షిణాన అర పిడికిలి ఎత్తుకు మాత్రం వస్తాడు. సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో ధ్రువుడు లేడు, ఒరాయన్ తలకిందులుగా ఉంటాడు. జనవరి సాయంత్రం సిడ్నీలో చీకటి పడ్డాక పిల్లవాడు ఆ మూడు చుక్కల బొమ్మ గీసి పంపితే, ఇక్కడ అమ్మమ్మ మూడు నాలుగు గంటల తర్వాత డాబా ఎక్కి తన బొమ్మ గీసి పంపవచ్చు. రెండూ పక్కపక్కన పెట్టి, ఒకదాన్ని తిప్పితే ఇంకొకటి రావాలి.